పేలని గింజలు

18 ఆగస్టు 2002, ఆదివారం

ఈ డైరీ ఆయనది. గూడ్సు గార్డుగా ముప్పై రెండేళ్లు ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో రాసి రాసి విసుగొచ్చిందేమో, ఇంటికి తెచ్చుకున్న డైరీలో జనవరి ఒకటి దాటలేదు. ఆ పేజీలో "చలి" అని ఒకే మాట ఉంది. ఇప్పుడు ఆయనకు పలక కొన్నాం కనక డైరీ నేను తీసుకున్నాను. పదో తరగతి పరీక్షల తరవాత ఇన్ని వాక్యాలు వరసగా రాయడం ఇదే మొదటిసారి.

జులై తొమ్మిదిన బెంగళూరు ఆసుపత్రిలో ఆయన గొంతులో గడ్డ తీశారు. చెడ్డ గడ్డ కాదన్నారు. నెల రోజులు నోరు తెరవకూడదు, ఆ తరవాత రోజూ కొంచెం కొంచెం మాట్లాడాలి, గొంతు బొంగురుగా ఉంటుంది గాని మాట వస్తుంది, అలవాటు తప్పిపోతే మాత్రం ఆ వచ్చేది కూడా పోతుంది అని డాక్టరు చెప్పాడు.

నెల నిండింది. పోయిన ఆదివారం లోకోషెడ్డు బాలప్ప చూడటానికి వచ్చాడు. ఆయన గుమ్మం దాకా ఎదురుపోయి "రాప్పా" అన్నారు. రేకు మీద ఆకురాయి గీసినట్టు వచ్చింది ఆ మాట. బాలప్ప ఆయన ముఖం చూడకుండా వెనక్కి తిరిగి, ఇంకెవరొచ్చారా అని వీధిలోకి చూశాడు. పాపం, కావాలని చేసింది కాదు. ఆయన నోరు మూసుకున్నారు. మళ్లీ తెరవలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆపరేషను జరుగుతున్నప్పుడు నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గోడకు ఆంజనేయస్వామి పటం ఉన్న క్యాలెండరు. కింద క్యాంటీను నుంచి కాఫీ వాసన వస్తోంది. పొద్దుటి నుంచి పచ్చి నీళ్లు కూడా తాగలేదు. అప్పుడు అనుకున్నాను: "కసాపురం స్వామీ, ఆయన తన నోటితో నన్ను కాఫీ అడిగేదాకా నేను కాఫీ ముట్టను." వాసన వస్తోంది కాబట్టి కాఫీ గుర్తొచ్చిందేమో. గుళ్లో ఉండుంటే పూలు మొక్కుకునేదాన్నేమో. అన్నాను, అయిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. రాయడం చెప్పడం కాదనుకుంటాను.

19 ఆగస్టు

నాకు కాఫీ మీద అంత ధ్యాసేమీ లేదు. తలనొప్పి మాత్రం ఉంది.

24 ఆగస్టు, శనివారం

బసప్ప అన్న ఒక చిన్న మూట పంపించాడు. ఆయనతో పాటు గార్డుగా చేసి, రిటైరయ్యాక చిక్కమగళూరు దగ్గర కూతురింట్లో ఉంటున్నాడు. అల్లుడు కాఫీ తోటలో పని చూస్తాడు. మూటతో పాటు చీటీ ఉంది:

"తిప్పేస్వామీ, నీకు కాఫీ అంటే ప్రాణం గదా. పచ్చి గింజలు పంపిస్తాండా. మా చెల్లెలు ఏంచి పొడి కొట్టి ఇస్తే నీ గొంతు దానంతటదే తెరుచుకుంటాది. నేను చెప్తాండా చూడు."

చెల్లెలు అంటే నేను.

యాభై ఏళ్లొచ్చాయి, కాఫీ గింజ పచ్చిగా ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మాకు కాఫీ అంటే అంగట్లో చికోరీ కలిపి పొట్లం కట్టి ఇచ్చే పొడే. ఈ గింజలు ఆకుపచ్చగా, కొంచెం బూడిద కలిసినట్టు ఉన్నాయి. మధ్యలో చీలిక. దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను. తడిసిన గోనెసంచి వాసన, ఎండుగడ్డి వాసన. కాఫీ వాసన ఆనవాలు కూడా లేదు. అదెక్కడ దాక్కుందో అని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన కూడా ఒక గింజ తీసుకుని పంటి కింద పెట్టి చూశారు. పలక మీద "రాయి" అని రాశారు.

26 ఆగస్టు

ఈ సంవత్సరం మా తమ్ముడు నల్లమాడ నుంచి చెనక్కాయలు తేలేదు. కాస్తే కదా తెచ్చేది. వేయించే ఇనుప బాణలి, ఇసుక డబ్బా అటక మీదే ఉన్నాయి. ఇవాళ దించాను.

చెనక్కాయలైనా పేలాలైనా మా అమ్మ ఇసుకలోనే వేయించేది. నేనూ అట్లాగే పెరట్లో కుంపటి రాజేసి, ఇసుక కాగాక రెండు గుప్పిళ్లు పోశాను. గింజ రంగు తిరిగింది. పసుపు, తరవాత ఇటుక రంగు. చాలాసేపటికి "టప్" అని ఒకటి పేలింది. నేను ఉలిక్కిపడ్డాను. కాఫీ గింజ పేలుతుందని నాకెవరూ చెప్పలేదు.

పేలాయి సరే. జల్లెడ పట్టినా చీలికలో ఇరుక్కున్న ఇసుక రాలేదు. మిక్సీలో గరగరమంది. ఆయన ఒక గుటక తాగి, నాలుక మీది ఇసుక రేణువు వేలితో తీసి నాకు చూపించారు. జులై తరవాత ఆయన నవ్వడం చూడలేదు. ఇవాళ నవ్వారు. శబ్దం లేకుండా.

29 ఆగస్టు

ఇసుక లేకుండా వేయించాను. కింద మాడి పైన పచ్చి.

31 ఆగస్టు

గరిటె ఒక్క క్షణం కూడా ఆపకూడదు. ఆపితే పక్కకు పడుకున్న గింజ అటువైపే నల్లబడుతుంది.

6 సెప్టెంబరు, శుక్రవారం

పేలడం ఒకసారి కాదు, రెండుసార్లు!

మొదటిసారి జొన్నపేలాల్లాగా గట్టిగా, ఒక్కొక్కటి తీరిగ్గా. తరవాత కాసేపు ఏ శబ్దమూ ఉండదు. ఆ తరవాత రెండోసారి మొదలవుతుంది. ఈసారి సన్నగా, వేగంగా, ఎండు తుమ్మపుల్లలు అంటుకున్నట్టు. గింజ మీద నూనె మెరుస్తుంది, పొగ లేస్తుంది. ఇన్నాళ్లు ఈ రెండోది నేను వినలేదు, ముందే దించేశాను కాబట్టి.

అంటే ఇన్నాళ్లు సగం పనే చేశాను. పేలాలు వేయించేటప్పుడు ఒక్క గింజ పేలకుండా మిగిలినా మా అమ్మ ఒప్పుకునేది కాదు. చేటలో పోసి, పేలనివి ఏరి, నా ముందు లెక్కపెట్టేది. "పొయ్యి కాడ కూచున్నెది ఎందుకే, నిద్దర పోయేకా?" అనేది. కాబట్టి చివరి గింజ చివరి శబ్దం చేసేదాకా ఆగాలని ఇవాళ నిశ్చయించుకున్నాను.

ఆయన పలక మీద "బాగుంది" అని రాశారు.

9 సెప్టెంబరు

ఆయనకు తన డ్యూటీ పెట్టె గుర్తొచ్చింది. పెరట్లో స్టూలు వేసుకుని, ఒళ్లో గడియారం, పక్కన రెండు జెండాలు పెట్టుకుని కూర్చున్నారు. గింజలు పోయగానే పచ్చ జెండా ఊపారు. మొదటి శబ్దం వచ్చిన నిమిషాన్ని పలక మీద వేశారు. పదకొండు.

ఆ తరవాత రెండు నిమిషాలకే ఎర్ర జెండా ఎత్తారు. నేను తల ఊపి, వేయిస్తూనే ఉన్నాను. మగవాళ్లకు పొయ్యి దగ్గర తొందర. ఇంకా రెండో పేలుడు మొదలే కాలేదు. ఆయన ఇంకా గట్టిగా ఊపారు. పొగ ఆయన వైపు పోతోందేమోనని నేను కుంపటి ఇటు జరిపాను.

14 సెప్టెంబరు, శనివారం

పక్క క్వార్టర్సు తిరుపాలమ్మ గోడ మీది నుంచి తల పెట్టింది.

"ఏం కాలబెడతాండావక్కా? ఆరేసిన గుడ్డల నిండా పొట్టు. నిన్న మా ఆయప్ప డ్యూటీకి పోతే మేస్త్రీ అడిగినాడంట, యాడ కళ్లం చేసొస్తాండావప్పా అని."

"కాఫీ గింజలు తిరుపాలూ. చెరిగితే పొట్టు ఎగురుతాది. ఈపక్క గాలి."

"ఈ కరువులో కళ్లం చేసినోడు మా ఆయప్ప ఒక్కడేలే గుంతకల్లంతటికీ. యాదీ, నాకూ ఒక గలాసు పోయి, చూస్తాం."

పోశాను. నాలుగు చెంచాల చక్కెర వేసుకుంది. "ఎట్లుంది?" అని అడిగితే "తియ్యగా ఉండాదక్కా" అంది. ఈమె సాక్ష్యం పనికిరాదు.

"నువ్వు తాగవా?"

"గ్యాసు పడతాది నాకు."

శనివారం పూట అబద్ధమాడాను.

20 సెప్టెంబరు

కుంపట్లో బొగ్గులు అయిపోయాయి. మొదటి పేలుడు అవుతూండగానే నిప్పు చల్లబడింది. గింజలు దాల్చినచెక్క రంగులో నిలిచిపోయాయి. పారేయలేక అట్లాగే పొడి కొట్టాను.

21 సెప్టెంబరు

ఆ సగం వేగిన పొడితోనే కాఫీ ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు నా వైపు జరిపారు, ఇంకొంచెం కావాలని. ఇట్లా ఎప్పుడూ జరపలేదు. ఇవాళ పాలు చిక్కగా ఉన్నట్టున్నాయి.

28 సెప్టెంబరు

ఇప్పుడు వాసనతోనే చెప్పగలను. ముందు ఉడికిన గడ్డి. తరవాత కాలుతున్న రాగిరొట్టె. ఆ తరవాత మొదటి పేలుడు, అప్పుడు ఒక పుల్లటి వాసన, చింతపండు పులుసులో బెల్లం వేసినట్టు. అది రెండు నిమిషాలే ఉంటుంది. తరవాత పొగ దాన్ని మింగేస్తుంది. ఆ రెండు నిమిషాలు నేను కుంపటి మీదికి వంగి ఉంటాను. నాకు కాఫీ మీద అంత ధ్యాసేమీ లేదు. చూస్తున్నాను అంతే.

5 అక్టోబరు, శనివారం

కసాపురం పోయాను. ప్రదక్షిణలయ్యాక పూజారిని అడిగాను.

"స్వామీ, ఒక పదార్థం ముట్టనని మొక్కుకున్నోళ్లు దాని వాసన చూడొచ్చునా?"

"ఏం పదార్థమమ్మా?"

"ఒక పదార్థం."

"ముక్కు మూసుకుని బతకమని స్వామి యాడ చెప్పినాడు? చూడొచ్చు."

"కొరికి, మింగకుండా ఉమ్మేస్తే?"

"అమ్మా! వెనక జనముండారు."

కొరకను. అనుమానం ఉన్నప్పుడు కొరకకపోవడమే మంచిది.

9 అక్టోబరు, బుధవారం

బెంగళూరులో డాక్టరుకు చూపించి వచ్చాం. పుండు పూర్తిగా మానింది. "ఏమమ్మా, ఇంకా మాట్లాడించలేదా? మూడు నెలలైంది. ఇంకో రెండు నెలలు ఇట్లే ఉంటే నేనేం చెయ్యలేను," అన్నాడు. ఆయన గోడ మీద గొంతు బొమ్మ చూస్తూ కూర్చున్నారు, అది వేరేవాళ్ల గొంతు అయినట్టు.

రైల్లో నేను అన్నాను: "ఒక్క మాట. నా కాడనే. ఎవరూ వినరు."

పలక సంచిలో ఉంది. తియ్యలేదు. కిటికీలోకి తిరిగారు. పెనుకొండ కొండలు పోయేదాకా అటే చూశారు.

10 అక్టోబరు

కాఫీ బాగా వేగితే గొంతు తెరుచుకుంటుందన్నాడు బసప్ప అన్న. ఊరికే అన్నమాటే. అయినా ఇంకా బాగా వేయిస్తే తప్పేముంది?

13 అక్టోబరు, ఆదివారం

బళ్లారి నుంచి మా అమ్మాయి హేమావతి ఫోను. ఆదివారం ఆదివారం చేస్తుంది. రిసీవరు ఆయన చెవికి పెడతాను. ఆయన ఉంగరంతో దాని మీద కొడతారు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు.

ఇవాళ అది ఏమడిగిందో, రెండుసార్లు కొట్టారు.

22 అక్టోబరు, మంగళవారం

వంటింట్లో ఉండగా పెరట్లో ఎవరో "హేయ్!" అని అరిచారు. మొరటుగా, బొంగురుగా. ఎవరో వచ్చారనుకుని కొంగు సర్దుకుని బయటికి వచ్చాను.

ఎవరూ లేరు. చేటలో ఆరబెట్టిన గింజల మీది నుంచి కాకి ఎగిరి గోడ మీద కూర్చుంది. ఆయన స్టూలు మీద అట్లాగే ఉన్నారు. నన్ను చూసి గడియారానికి కీ ఇవ్వడం మొదలుపెట్టారు.

బాలప్ప వీధిలోకి చూసినట్టే నేనూ చూశాను. ఆయన అది గమనించకుండా ఉంటే బాగుండును.

23 అక్టోబరు

గమనించారు.

గొంతు మాత్రం ఉంది. కాకికి ఇచ్చారు. మాకు ఇవ్వలేదు.

4 నవంబరు, దీపావళి

అందరిళ్లలో టపాకాయలు, మా ఇంట్లో కాఫీ గింజలు. బాగా నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. ఒక్కటి కూడా పేలకుండా మిగల్లేదు. అమ్మ ఉంటే చేట చూపించేదాన్ని. ఆయన ఎర్ర జెండాను కర్రకు చుట్టి పెట్టెలో పెట్టేశారు. పండుగ కదా అని కాబోలు.

పలక మీద "బాగుంది".

11 నవంబరు, కార్తీక సోమవారం

బొగ్గుల మీద పెట్టి మరిచిపోయాను, దీపాల ధ్యాసలో. గింజలు బొగ్గులే అయ్యాయి. వేరే పొడి లేక దాంతోనే డికాక్షన్ దించాను. ఫిల్టరులో తారులాగా దిగింది.

"బాగుంది" అని రాశారు.

ఆ మాట చూస్తూ ఉండిపోయాను. అదే చేతిరాత, అదే సైజు. రెండు నెలలుగా ఆయన ఆ మాట చెరపడం లేదేమో, అదే పలక తిప్పి చూపిస్తున్నారేమో అనిపించింది. గొంతు ఉన్నప్పుడు ఆయన "ఊ" అంటేనే నాకు తెలిసిపోయేది, ఏది నచ్చిన "ఊ", ఏది నచ్చని "ఊ" అని. బలపానికి ఒకే గొంతు.

12 నవంబరు, మంగళవారం

తిరుపాలమ్మ దగ్గర చెప్పేశాను. చెప్పాలనుకోలేదు. ఆమె గోడ మీద మోచేతులాన్చి, "పదకొండేండ్ల నుంచి లేని గ్యాసు ఇప్పుడు యాడ నుంచి వచ్చెనక్కా?" అని అడిగింది. ఆ అడిగిన తీరుకు నాకు ఏడుపొచ్చింది. మొక్కు సంగతి చెప్పాను.

ఆమె విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అన్న నోటితో కాఫీ అడిగేదాకనా? అట్ల మొక్కుకుంటివా? అన్న నిన్ను ఎప్పుడడిగినాడక్కా కాఫీ?"

"అంటే?"

"పదకొండేండ్లుగా ఈ గోడకవతలే ఉండా. మీ ఇంట్లో గిన్నె జరిగినా నాకు వినబడతాది. 'టవలేదే' అన్నెది విన్యా. 'నా విజిలు యాడ పెడితివే' అన్నెది విన్యా. కాఫీ అన్నెది మాత్రం ఒక్కనాడు విన్లా. నువ్వు అడగనిస్తేనా? ఆయప్ప కండ్లు తెరిచేలోపల మూతి కాడ పెడతావు!"

ఇంట్లోకి వచ్చి ఆలోచించాను. పెళ్లయిన కొత్తలో, గుత్తిలో ఉన్నప్పుడు? అడగలేదు. హేమ పుట్టినప్పుడు? మా అత్త ఇచ్చేది. జ్వరం వచ్చినప్పుడు? నేనే పట్టాను. ముప్పై ఏళ్లలో ఒక్క రోజు, ఒక్క పూట, ఆయన కాఫీ అడిగిన జ్ఞాపకం నాకు లేదు.

నేను స్వామిని ఏం కోరుకున్నట్టు? ఎప్పుడూ జరగనిదాన్ని కోరుకుని, అది జరగకుండా రోజూ ఐదు గంటలకు నేనే అడ్డం నిలబడుతున్నాను. గ్లాసు పట్టుకుని.

13 నవంబరు

రేపు ఇవ్వను.

14 నవంబరు

ఇచ్చాను. చలిగా ఉంది.

15 నవంబరు

ఇచ్చాను. ఆయన రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

16 నవంబరు, శనివారం

కసాపురం. ఈసారి పూజారిని ఏమీ అడగలేదు. స్వామినే అడిగాను. స్వామి, "ఇచ్చేదీ నువ్వే, ఆపేదీ నువ్వే, మధ్యలో నన్నెందుకు లాగుతావు" అన్నట్టు చూశాడు.

17 నవంబరు, ఆదివారం

హేమ ఫోను. ఆయన ఉంగరంతో ఒకసారి కొట్టి రిసీవరు నాకిచ్చేశారు.

"అమ్మా, నాయన గొంతు ఎట్లుంటుందో మర్చిపోతాండానమ్మా," అంది. "కొత్త గొంతైనా సరే, ఒక్కసారి వినిపించమను. పాతదే కావాలని నేనేం అడగలేదు గదా."

ఆయన చెప్పులు సర్దుకుంటున్నారు. విన్నారో లేదో.

18 నవంబరు, కార్తీక సోమవారం

ఐదు గంటలకు స్నానం చేసి, దీపం పెట్టి, డికాక్షన్ దించి, పాలు కాచి, వంటింట్లో కూర్చుండిపోయాను. చేతులు కొంగులో చుట్టుకున్నాను. అవి వాటంతటవే గ్లాసు దగ్గరికి పోతున్నాయి.

ఐదుంబావుకు ఆయన మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు. ఐదున్నరకు దగ్గు. ఐదూ నలభైకి గుమ్మంలోకి వచ్చి పలక చూపించారు. "కాఫీ".

పలక అడిగింది. ఆయన అడగలేదు.

"నాకు అద్దాలు కనబళ్లేదు. ఏం రాసినారో తెలీడంల్యా," అన్నాను. నా అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

ఆయన నా ముఖం చూశారు. నా అద్దాలు చూశారు. పలక మోచేత్తో తుడిచేసి పెరట్లోకి పోయారు. ఇద్దరం ఇంట్లో ఉండి కూడా నా చేతి కాఫీ లేకుండా ఆయనకు తెల్లవారడం ముప్పై ఏళ్లలో ఇదే మొదలు. పాలు విరగలేదు, ఏమీ కాలేదు. నాకే ఏదో విరిగినట్టుంది.

19 నవంబరు

ఇవాళ పలక కూడా తేలేదు. చొక్కా వేసుకుని బయటికి పోయారు. ఎనిమిదింటికి వచ్చారు. దగ్గరికి పోతే టీ వాసన.

టీ! స్టేషను బయట బండి దగ్గర చెయ్యి చూపిస్తే చాలు, ఇస్తారు. అక్కడ ఎవరికీ మాట అవసరం లేదు.

రేపు కూడా పోతారా? ఎల్లుండి? ఇట్లా వేలు చూపిస్తూ, ఉంగరంతో కొడుతూ, పలక తిప్పుతూ గడిచిపోతుందా? డాక్టరు చెప్పిన రెండు నెలల్లో ఇంక ఇరవై రోజులు ఉన్నాయి.

ఇవాళ గింజలు వేయించాను. మనసు బాగా లేనప్పుడు చేసే పని అదొక్కటే ఉంది నాకు.

20 నవంబరు, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

డికాక్షన్ దించాను. మా ఇద్దరివీ ఒకే రకం స్టీలు గ్లాసులు, హేమ పెళ్లిలో వచ్చినవి. జులై నుంచి నా గ్లాసు గూట్లో బోర్లించే ఉంది. ఇవాళ ఆయనది కూడా కడిగి దాని పక్కనే బోర్లించాను. అట్లా ఎందుకు చేశానో తెలియదు. రోజూ ఐదింటికి నిలబెట్టే గ్లాసు అది, అది కళ్లెదురుగా ఉంటే చెయ్యి ఆగదని చేశాననుకుంటాను.

ఐదూ ఇరవైకి ఆయన వచ్చారు. చొక్కా వేసుకున్నారు, బయటికి పోవడానికే. గుమ్మంలో ఆగారు. గూటి వైపు చూశారు. నేను నేల వైపు చూస్తున్నాను. వీధిలో కొళాయి దగ్గర బిందెల చప్పుడు మొదలైంది.

లోపలికి వచ్చి గూట్లోంచి రెండు గ్లాసులూ తీశారు. ముందు నాది, తరవాత ఆయనది. రెండూ పొయ్యి గట్టు మీద నిలబెట్టారు. నా గ్లాసు అడుగున నాలుగు నెలల మసి. వేలితో తుడిచి, వేలు నాకు చూపించారు.

అప్పుడు నోరు తెరిచారు. ముందు గాలి వచ్చింది. గొంతు సవరించుకున్నారు. మళ్లీ గాలి. ఆయన మెడ మీద నరం లేచింది. నేను "వద్దులే" అనబోయాను. నోటి దాకా వచ్చిన మాటను మింగాను. అది మింగడం ఈ నాలుగు నెలల కాఫీ కంటే కష్టమైంది.

"కాఫీ ఇయ్యే," అన్నారు. "ఇద్దరికీ."

అదే ఆకురాయి గొంతు. నేను వీధిలోకి చూడలేదు. ఆయన ముఖమే చూశాను.

పాలు గట్టు మీద ఒలికాయి. రెండు గ్లాసుల్లో పోశాను. ఆయన నేల మీద నా ఎదురుగా కూర్చున్నారు. వంటింట్లో ఎన్నడూ కూర్చున్న మనిషి కాదు. స్వామికి మనసులో దణ్ణం పెట్టుకుని గ్లాసు ఎత్తాను. నాలుగు నెలల పదకొండు రోజులు. నేనే వేయించి, నేనే పొడి కొట్టి, వాసన తప్ప ఎరగని నా కాఫీ.

చేదు!

మామూలు చేదు కాదు. తాటాకు కాల్చి నీళ్లలో కలిపినట్టు ఉంది. బూడిద. నాలుక మీద నుంచి గొంతులోకి, గొంతులోంచి చెవుల్లోకి పాకింది. మింగలేక, ఉమ్మలేక ఆయన వైపు చూశాను. ఆయన మామూలుగా తాగుతున్నారు.

"ఇది... మాడింది గదా?" అన్నాను.

ఆయన తల ఊపారు.

"ఇవాళేనా?"

"మొదట్నుంచీ."

"మొదట్నుంచి అంటే?"

"వినాయక చవితి ముందు నుంచి."

ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటున్నారు.

"మరి పలక మీద బాగుందని రాసినారే!"

"నీ మొగం చూసి."

"చెప్పచ్చు గదా మీరు?"

"ఎర్ర జెండా ఊపితిని గదనే!" అన్నారు. చివరి మాట దగ్గర గొంతు చీలిపోయింది. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు కూడా కొత్త గొంతుతోనే వచ్చింది, దగ్గో నవ్వో తెలియకుండా. "ముప్పై రెండేండ్లలో... ఏ డ్రైవరూ... నా జెండా దాటి పోలేదు. నువ్వే పోతివి."

అవతల నుంచి తిరుపాలమ్మ గోడ మీద రెండుసార్లు చేత్తో చరిచింది. అంతా విన్నట్టుంది.

నేను నవ్వానో ఏడ్చానో రాయను. గ్లాసు మాత్రం ఖాళీ చేశాను. అడుగు దాకా.

21 నవంబరు

అడిగారు. ఐదూ పదికి. ఇచ్చాను.

తిరుపాలమ్మ గోడ మీది నుంచి, "ఏమన్నా, యాడిదప్పా ఈ గొంతు, అరువుకు తెస్తివా?" అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన, "కాఫీతో కాల్చి తెచ్చుకుంటి," అన్నారు.

24 నవంబరు, ఆదివారం

పొద్దున కుంపటి రాజేశాం. ఆయన స్టూలు, గడియారం, రెండు జెండాలు. పదకొండో నిమిషానికి మొదటి పేలుడు. ఆ పుల్లటి బెల్లం వాసన వచ్చింది, రెండే నిమిషాలు ఉండేది. ఎర్ర జెండా లేచింది. ఇంకా కొన్ని గింజలు పేలనే లేదు. నా చెయ్యి గరిటె వదలడానికి ఒప్పుకోలేదు.

"దించే!" అన్నారు.

దించాను. చేటలో పోసి చెరిగాను. దాల్చినచెక్క రంగు. ఆ రోజు బొగ్గులు అయిపోయినప్పుడు వచ్చిన రంగే. ఆ రోజు ఆయన గ్లాసు నా వైపు ఎందుకు జరిపారో ఇప్పుడు తెలిసింది. పాలు చిక్కగా ఉండి కాదు.

పదింటికి హేమ ఫోను. రిసీవరు ఆయన చెవికి పెట్టాను. ఆయన ఉంగరం ఎత్తలేదు.

"హేమా," అన్నారు.

అటువైపు నుంచి నాకు కూడా వినిపించింది: "హలో, ఎవరు మాట్లాడేది?"

ఆయన రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను చూశారు. గుమ్మంలో బాలప్ప వెనక్కి తిరిగినప్పుడు ఆ ముఖం ఎట్లా ఉందో సరిగ్గా అట్లాగే అయింది. పెట్టేస్తారనుకున్నాను. నేను మాట్లాడి సర్దిచెప్పడం ఎంతసేపు? నా చేతులు కొంగులో చుట్టుకున్నాను.

చెయ్యి తీశారు.

"మీ నాయన్నే. మీ అమ్మ నాకు మూడు నెలలుగా బొగ్గులు తాపుతాండాది. నువ్వొచ్చి అడుగు."

అటు అది ఏమందో నాకు తెలియదు. ఆయన రిసీవరును చెవికి గట్టిగా అదుముకుని, "ఊ" అన్నారు. నచ్చిన "ఊ".

నేను పెరట్లోకి వచ్చి చేట ముందు కూర్చున్నాను. పేలని గింజలు ఏరి లెక్కపెట్టాను. అరవై మూడు. అమ్మ ఉంటే నన్ను ఊరికే వదిలేది కాదు. అరవై మూడింటినీ మళ్లీ వాటిల్లోనే కలిపేశాను. రేపటికి ఎట్లా ఉంటుందో చూడాలి. రేపు నేనే ముందు తాగి చూస్తాను.